గుజ్జెనగూళ్ళ వయసు దాటాక

ఏడేళ్ళ పిల్ల లక్కపిడతలు ముందేసుకుని, ఆకుల కూరా ఇసుక అన్నమూ వండి వడ్డిస్తే ఇంటిల్లిపాదీ ముచ్చటపడిపోతారు. తాతగారైతే ఆ ఇసుక అన్నం తిన్నట్టు నటించి, "అబ్బ, ఉప్పు సరిగ్గా సరిపోయిందే తల్లీ!" అని కితాబు కూడా ఇస్తారు. అదే పిల్ల పెరిగి పెద్దదై, పెళ్ళాడి, పిల్లల్ని కని, వాళ్ళు కాలేజీలకి వెళ్ళిపోయాక, మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేసుకుని అగ్గిపెట్టెలో పట్టేంత పుస్తకం కుడుతూ కూర్చుందనుకోండి! "పనీ పాటా లేదు గాబోలు" అంటారు. కాస్త మర్యాద తెలిసినవాళ్ళయితే, "చాలా బావుంది గానీ, ఇంతకీ ఇదెందుకు పనికొస్తుందండీ?" అంటారు.

ఈ ప్రశ్న అందర్నీ అడగరు, గమనించారా? ఆదివారం సాంతం పేకాటలో గడిపేసిన పెద్దమనిషిని ఎవరూ అడగరు. రెండు గంటలసేపు సెల్‌ఫోను మీద బొటనవేలు ఆడిస్తూ కూర్చున్నవాళ్ళనీ అడగరు. వాళ్ళు "రెస్టు తీసుకుంటున్నారు". చేతులతో ఏదో ఒకటి చేసే ఆడదాన్నే లెక్క చెప్పమంటారు. ఆవకాయ పెడితే లెక్క సరిపోయింది. స్వెట్టరు అల్లితే సరిపోయింది. రెండంగుళాల పుస్తకం కుడితే మాత్రం జమా ఖర్చుల్లో ఎక్కడ రాయాలో తెలీదు.

మా ఎదురింటి పిన్నిగారు ఇలాంటి పుస్తకాలు చేస్తారు. పుస్తకాలే కాదు, చింతగింజంత ఇత్తడి చెంబు, అగ్గిపుల్లలతో పడక్కుర్చీ, గోరంత విసనకర్ర కూడా చేస్తారు. కానీ ఆవిడకి ఇష్టమైనవి పుస్తకాలే. అమెరికాలో ఇలాంటివి చేసేవాళ్ళకీ, సేకరించేవాళ్ళకీ ఏకంగా ఒక సంఘమే వుంది. ఎత్తూ, వెడల్పూ, మందమూ ఏదీ మూడంగుళాలు మించకపోతేనే దాన్ని బుల్లి పుస్తకమని వాళ్ళు ఒప్పుకుంటారు. ఆ సంగతి చెబితే పిన్నిగారు నవ్వి, "మూడంగుళాలే? మరీ అంత పెద్దదా!" అన్నారు.

నేను మూడొందల పేజీల నవలలు రాసే మనిషిని. పుస్తకం తయారవడం గురించి నాకు బాగా తెలుసుననే అనుకునేదాన్ని. ఆవిడ పక్కన కూర్చుని చూశాక తెలిసింది, చిన్న పుస్తకం అంటే పెద్ద పుస్తకాన్ని కుదించడం కాదని. పెద్ద పుస్తకంలో పేజీ తన బరువుతో తనే వాలుతుంది. చిన్న పేజీకి బరువేదీ? మామూలు కాయితం పెడితే విసనకర్రలాగా నిక్కబొడుచుకుని నిలబడుతుంది. అంచేత పలచటి కాయితం కావాలి. కాయితానికి కూడా బట్టకున్నట్టు ఒక వాటం వుంటుంది. ఒక వైపు చెప్పినట్టు మడత పడుతుంది, రెండో వైపు మొరాయిస్తుంది. ఆ వాటం పుస్తకం వీపుకి సమాంతరంగా వుండాలి. దారం లావైతే వీపు వుబ్బుతుంది. ముడి కొంచెం పెద్దదైతే అట్ట మూసుకోదు. మైదాపిండి జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపాలి. అట్టలకి పాత శుభలేఖలు, వాటిపైన రవికలగుడ్డ ముక్కలు. పెద్ద పుస్తకంలో అరమిల్లీమీటరు తేడా వస్తే ఎవరికీ కనిపించదు. అక్కడ మాత్రం ఆ అరమిల్లీమీటరే పుస్తకాన్ని వంకర చేసేస్తుంది.

చిన్న పనిలో తప్పు చిన్నదిగా వుండదన్నమాట!

బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళకి షార్లెట్ బ్రాంటీ పేరు కొత్త కాదు. 1847లో అచ్చయిన 'జేన్ ఐర్' నవల ఆవిడదే. అయితే ఆవిడ మొదటి పుస్తకాలు అవి కావు. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో హావర్త్ అనే కొండ మీది వూరు. అక్కడి చర్చి ఫాదిరీగారి పిల్లలు వాళ్ళు. 1821లో తల్లి పోయింది. 1825లో పెద్దక్కలిద్దరూ పోయారు. ఇక మిగిలింది షార్లెట్, తమ్ముడు బ్రాన్వెల్, చెల్లెళ్ళు ఎమిలీ, ఆన్. మర్నాటి యేడు, అంటే 1826లో, తండ్రి వూరినుంచి వస్తూ కొడుక్కి పన్నెండు కొయ్య సైనికుల బొమ్మలు తెచ్చాడు. పిల్లలు తలొక బొమ్మా పంచుకుని పేర్లు పెట్టుకున్నారు. ఆ బొమ్మలకో దేశం కట్టారు. దేశమన్నాక పత్రికలుండవద్దూ? మరి బొమ్మల చేతుల్లో ఇమడాలంటే పత్రిక ఎంతుండాలి?

అదిగో, అలా మొదలైంది. పంచదార పొట్లాల కాయితాలూ, గోడలకంటించే కాయితం ముక్కలూ చేరదీసి, మడిచి, సూదీ దారంతో కుట్టి, అచ్చక్షరాల్లాంటి చీమతలకాయంత అక్షరాలతో రాశారు. 1830లో షార్లెట్ చేసిన ఒక సంచిక ఎత్తు 61 మిల్లీమీటర్లు, వెడల్పు 35 మిల్లీమీటర్లు. 20 పేజీలు. అందులో నాలుగు వేల పైచిలుకు మాటలు. ఆ పిల్లకప్పటికి పధ్నాలుగేళ్ళు. పైగా హ్రస్వదృష్టి! పెద్దవాళ్ళు ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నా ఒక్క ముక్క చదవలేరు. "కంటికి ఆనదు" అంటాం చూశారూ, రెండర్థాలతో, అచ్చంగా అలాంటి పుస్తకాలు. కనిపించవు, కనిపించినా లెక్కలోకి రావు. పిల్లలకి కావలసిందీ అదే.

ఇప్పుడు మళ్ళీ మన ప్రశ్నకొద్దాం. "ఇదెందుకు పనికొచ్చింది?"

చదువుకున్నవాళ్ళు ఠకీమని జవాబు చెబుతారు: "అదంతా అభ్యాసం. అలా రాసి రాసే కదా ఆవిడ అంత గొప్ప నవల రాసింది!" నిజమే. ఆ 1830 సంచికలోనే మంచం తెరలకి నిప్పంటుకునే ఘట్టం ఒకటుంది. 'జేన్ ఐర్' చదివినవాళ్ళకి ఇంకో మంచం, ఇంకో మంట చప్పున గుర్తొస్తాయి. జవాబు బావుంది. కానీ నాకు రుచించలేదు. ఎంచేతంటే, బ్రాన్వెల్ కూడా ఆ పుస్తకాలే చేశాడు. అసలు మొట్టమొదట పత్రిక పెట్టిందే అతను. అతను పెద్దయ్యాక గొప్ప నవలేమీ రాయలేదు. తాగుడుకి బానిసై 1848లో పోయాడు. అభ్యాసం అన్నదే జవాబైతే, అక్క చేసిన పుస్తకం సార్థకం, తమ్ముడు చేసిన పుస్తకం దండగ అనాలి. ఒకే బల్ల దగ్గర, ఒకే దీపం కింద, ఒకే కాయితంతో చేసిన పని! పధ్నాలుగేళ్ళప్పుడు చేసిన పని మంచిదో కాదో ముప్ఫయ్యేళ్ళప్పుడు తేల్తుందా? అలాగైతే ఏ ముగ్గు వేస్తున్న పిల్లనైనా సరే, పెద్దయ్యాక ఏమవుతుందో తెలిసేదాకా మెచ్చుకోకుండా ఆగాల్సిందే.

ఇంకో జవాబు డబ్బు చెబుతుంది. నేను చెప్పిన ఆ 1830 సంచికని 2019లో పారిస్‌లో వేలం వేస్తే, బ్రాంటీ సోదరీమణుల ఇంట్లోనే వున్న మ్యూజియంవారు ఆరు లక్షల యూరోలకి పాడుకున్నారు. 1829 నాటి ఇంకో చిట్టి పుస్తకం, షార్లెట్ పద్యాలది, 2022లో పన్నెండున్నర లక్షల డాలర్లకి అమ్ముడైంది. దాన్ని కొన్నవాళ్ళు కూడా ఆ మ్యూజియంకే ఇచ్చేశారు. పంచదార పొట్లం కాయితానికి అంత ధర! ఇప్పుడెవరూ "పనీ పాటా లేదు" అనరు. కానీ ధర పుస్తకానికి వచ్చిందా, పేరుకి వచ్చిందా? ఆ పేరు లేకపోతే అదే కుట్టు, అదే రాత, అదే కాయితం రద్దీ బుట్టలోకి పోయేవి. కొనేవాడు చెప్పేది కొనేవాడి సంగతి. చేసినవాళ్ళ సంగతి అతనికేం తెలుసు?

చిన్నవాటిని చూసి మురిసిపోవడంలో చిక్కులు లేకపోలేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921 నుంచి 1924 దాకా ఒక బొమ్మల ఇల్లు కట్టారు. నమూనా గీసింది మన ఢిల్లీలో రాష్ట్రపతి భవనం కట్టిన లుట్యెన్స్ దొరే. అడుక్కి అంగుళం లెక్క. సుమారు పదిహేను వందల మంది కళాకారులు, పనివాళ్ళు, కంపెనీలవాళ్ళు చెయ్యేశారు. కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, దీపాలు వెలుగుతాయి, లిఫ్టులు నడుస్తాయి. గ్రంథాలయంలో ఆనాటి రచయితలు స్వయంగా రాసిచ్చిన బుల్లి పుస్తకాలున్నాయి. కానన్ డాయిల్ ఒక షెర్లాక్ హోమ్స్ కథ రాసిచ్చాడు. బెర్నార్డ్ షా మాత్రం రాయనన్నాడు. 1924లో వెంబ్లీ ప్రదర్శనలో పదహారు లక్షల మంది దాన్ని చూశారు. ఇప్పుడు విండ్సర్ కోటలో వుంది.

అద్భుతమే, కాదనను. కానీ ఆ ఇంటి ఫోటోలు చూసినప్పుడల్లా నాకేదో వెలితిగా వుంటుంది. ఆ ఇంట్లో అన్నం మాడదు. పనిమనిషి మానదు. ఎవరికీ జ్వరం రాదు. ఎవరూ అలగరు. లోకాన్ని అరచేతిలో పెట్టుకుని, చెప్పినట్టు వినేలా చేసుకోవాలన్న కోరిక మనందరిలోనూ కొంచెం కొంచెం వుంటుంది. అసలు సంసారం మన మాట వినదు కనుక, వినే సంసారాన్ని ఒకదాన్ని బల్లమీద పెట్టుకుంటాం. అది కాసేపు మందు. ఎక్కువైతే మత్తు. పైగా ఆ రాణిగారి ఇంట్లో తన చేత్తో చేసిన ఆనందం పదిహేను వందల మందిది. సొంతం మాత్రం ఒక్కరిది.

ఆ మాట అనుకుని వూరుకుందామంటే, ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే అమెరికా ఆవిడ అడ్డం వస్తుంది. 1878లో పుట్టిన సంపన్నుల బిడ్డ. అన్నని హార్వర్డులో చదివించారు. ఆడపిల్లకి కాలేజీ ఎందుకని ఈవిడని ఇంట్లో వుంచేశారు. కుట్లూ అల్లికలూ నేర్పారు. యాభై దాటాక ఆవిడ తన సొమ్ముతో హార్వర్డులోనే నేరవైద్యం చెప్పే శాఖ పెట్టించింది. 1940లలో ఆ కుట్లూ అల్లికలతోనే బొమ్మల గదులు చేయడం మొదలెట్టింది. అవీ అడుక్కి అంగుళం లెక్కే. గుండుసూదులతో బుల్లి మేజోళ్ళు అల్లింది. అయితే ఆ గదుల్లో రాణిగారి వైభవం లేదు. పేదింటి వంటగది, అద్దె గది, పడకగది. అందులో నేలమీద ఒక శవం! నిజంగా జరిగిన మరణాల ఆధారంగా, పోలీసులకి కళ్ళు తెరుచుకుని చూడటం నేర్పడానికి చేసిన గదులవి. అది హత్యా, ఆత్మహత్యా, ప్రమాదమా? రక్తపు మరక ఎటుంది, కాలెండరులో తేదీ ఏది, పొయ్యిమీద ఏముంది, అన్నీ చూసి చెప్పాలి. ఇప్పటికీ బాల్టిమోరులో వాటితో పాఠాలు చెబుతున్నారు.

చూశారా, అదే కొలత. ఒకరు అందులో బాధలేని ఇల్లు కట్టుకున్నారు. ఇంకొకరు ఎవరూ చూడడానికి ఇష్టపడని బాధని దగ్గరగా చూపెట్టారు. కాబట్టి దోషం చిన్నతనంలో లేదు. ఆ చిన్నదాన్ని చూస్తున్నప్పుడు మన కన్ను ఎటు తిరుగుతుందన్నదే అసలు సంగతి.

ఇన్ని పుస్తకాలు తిరగేసిన మీదట, ఒకనాడు పిన్నిగారినే అడిగాను, "మీరివి ఎందుకు చేస్తారు పిన్నిగారూ?" అని. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటూ, "ఏముందమ్మా, పొద్దున్నుంచీ చేసిన పన్లో రాత్రికి మిగిలేది ఇదొక్కటే" అన్నారు.

నాకు కాసేపు నోట మాట రాలేదు. ఎంత నిజం! పొద్దున్న తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్ళీ అంట్లలో పడుతుంది. ఉతికిన చీర రేపటికి మాస్తుంది. మూడు గంటలు వండినది ఇరవై నిమిషాల్లో ఆకులో ఆఖరైపోతుంది. ముగ్గుని మొదటి స్కూటరే తొక్కేస్తుంది. ఆ పనులన్నీ "పనికొచ్చేవి". అందుకే మిగలవు. పనికిరాదన్న ఈ రెండంగుళాల పుస్తకం మాత్రం రాత్రికి వుంది, రేపటికీ వుంటుంది. ఒకసారి చేస్తే మళ్ళీ చేయక్కర్లేని పని ఆవిడ రోజు మొత్తంలో అదొక్కటే! పైగా లోపలి కుట్టు ఎవరూ చూడరు. అయినా వంకర పోతే విప్పి మళ్ళీ కుడతారు. ఎవరూ తనిఖీ చేయని చోట కూడా సరిగ్గా చేయడాన్ని ధర్మం అంటారని చిన్నప్పటినుంచీ వింటూనే వున్నాం కదా? అది పెద్ద పెద్ద త్యాగాల్లోనే కనబడాలని ఎక్కడుంది?

ఇక్కడే ఆపేస్తే వ్యాసం హాయిగా ముగుస్తుంది. మీరూ పిన్నిగార్ని మెచ్చుకుని పేజీ తిప్పేస్తారు. కానీ ఆపలేను. ఎంచేతంటే, ఆవిడ మాటలో నన్ను గుచ్చుకున్నది ఇంకోటి వుంది. ఆవిడ పని చేసే చోటు డైనింగు టేబులు చివర జానెడు. పని చేసే వేళ మధ్యాహ్నం భోజనాలకీ నాలుగింటి కాఫీకీ మధ్య. గేటు చప్పుడైతే చాలు, సూదీ దారం జిగురూ అన్నీ ఒక్క చేత్తో బిస్కట్ల డబ్బాలోకి తోసేస్తారు. అంత చిన్న వస్తువులు చేయడం ఆవిడ ఇష్టమా, లేక ఆవిడకి దొరికిన చోటే అంతా?

మన భాషలో 'చిన్నతనం' అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి బాల్యం, రెండోది నామోషీ. పదిమందిలో తక్కువై నిలబడవలసి వస్తే "చిన్నతనంగా వుంది" అంటాం. బొమ్మరిల్లు కట్టుకునే పిల్లకి మొదటిదే తెలుసు. పెద్దయ్యేకొద్దీ రెండోది నేర్పిస్తాం. గొంతు చిన్నది చెయ్యి, నవ్వు చిన్నది చెయ్యి, కోరిక చిన్నది చెయ్యి. అన్నీ చిన్నవి చేసుకున్నాక, చివరికి చేతిపని కూడా డబ్బాలో పట్టేంత చేసుకుంటే, "ఎంత తృప్తిపరురాలో!" అని సన్మానం. ఆ మెచ్చుకోలంటే నాకు భయం. ఇరుకు గదిలో పెట్టి, ఇమిడిపోయిందని మెచ్చుకోవడం లాంటిది అది.

షార్లెట్‌కి ఇరవయ్యేళ్ళప్పుడు తన పద్యాల్ని ఆనాటి ఆస్థానకవి సదే గారికి పంపింది. 1837లో ఆయన జవాబు రాశారు. సాహిత్యం ఆడదాని జీవితానికి వ్యాపకం కాలేదు, కాకూడదు కూడా అని ఆయన హితబోధ. అంటే ఏమన్నమాట? చిన్నప్పుడు తనంత తాను చిన్న అక్షరాలు ఎంచుకున్న పిల్లని, పెద్దయ్యాక ఇంకొకరు చిన్నదిగానే వుండమన్నారు. ఆమె వుండలేదు. పదేళ్ళకి నవల అచ్చువేయించింది. తన పేరు మాత్రం పెట్టుకోలేకపోయింది. కరర్ బెల్ అని, ఆడో మగో తెలియని పేరు పెట్టుకుంది. బొమ్మల కోసం రాసిన పత్రిక మీద తన పేరు రాసుకున్న పిల్ల!

అందుకని ఈ విషయంలో నాకు తోచిన కొలబద్ద ఒకటి చెబుతాను. ఎవరైనా చిన్న వస్తువు చేస్తూ వుంటే, అది పనికొస్తుందా అని అడగక్కర్లేదు. ఎంత ధర పలుకుతుందనీ అడగక్కర్లేదు. రెండే రెండు చూసుకుంటే చాలు. కావాలనుకుంటే ఆ మనిషి పెద్దది కూడా చేయగల చోటు ఆ ఇంట్లో వుందా? గేటు చప్పుడైతే దాన్ని దాచవలసి వస్తోందా? చోటుండీ చిన్నది ఎంచుకుంటే అది కళ. ఆ చేతులకి ఓ దణ్ణం. చోటు లేక చిన్నదైతే, ఆ వస్తువులో అందం ఆవిడదే. ఆ ఇరుకు మాత్రం మనది.

ఇంతకీ మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వుండే వుంటారు. అమ్మో, అత్తగారో, కూతురో, లేకపోతే మీరేనో. ఈసారి ఆవిడ చేతిలో అలాంటిదేదైనా కనిపిస్తే "ఎందుకిది?" అనకండి. కళ్ళజోడు తెచ్చుకుని పక్కన కూర్చుని, పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూడండి. ఆ తరవాత టేబులు మీద పేపర్లూ, మందుల డబ్బాలూ, పచ్చడి సీసాలూ కాస్త అవతలికి జరపండి. ఇంకో మూరెడు చోటు వస్తుంది. అందులో ఏం చేస్తుందో, ఎంత చేస్తుందో ఆవిడ ఇష్టం.